అమ్మ చేతికి తగలని చెమట

ఇది రాయమన్నది రాజమండ్రి డాక్టరు మేడమ్. "నాగరాజు గారూ, మీలాంటివాళ్లు ఇంకెక్కడైనా ఉంటే వాళ్లకి పనికొస్తుంది. మీ మాటల్లోనే రాయండి" అన్నారు. లోకం మొత్తం మీద నన్ను గారు అని పిలిచేది ఆవిడ ఒక్కరే కాబట్టి కాదనలేకపోయాను. నేను ఇంటర్ దాకా చదివాను. పరీక్ష పోయిన మాట నిజమే గానీ పోయింది లెక్కల్లో, తెలుగులో కాదు. అక్షరాలంటే నాకు భయం లేదు. రాయడానికి కూర్చుంటే గుర్తొచ్చేవాటితోనే ఇబ్బంది.

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే వస్తుంది మా ఊరు. తాతల నాటి నుంచీ మాకు వేటే బతుకు. నాకూ మా బావ సూరిబాబుకీ కలిపి ఒక ఇంజను బోటు ఉంది. సూరిబాబు నా భార్య దుర్గకి అన్న. దుర్గ నా మేనమామ కూతురు, అంటే మా అమ్మకి సొంత మేనకోడలు. నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మే పెంచింది, చేపలు ఉప్పు పట్టి, ఎండబెట్టి, తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి.

నా జబ్బు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఒంటికి చెమట పట్టడం ఆగిపోయింది. వినగానే చాలామంది నవ్వుతారు. "అదృష్టవంతుడివిరా, మేం సబ్బులకీ పౌడర్లకీ తగలేస్తున్నాం" అంటారు. వాళ్ల తప్పు లేదు. ఉక్కపోతకి ఒళ్లు జిడ్డోడే మా వైపు, చెమట పట్టనివాణ్ణి చూస్తే ఎవరికైనా అసూయే కలుగుతుంది. నేను కూడా కొన్నాళ్లు అదృష్టమనే అనుకున్నాను.

ఫాల్గుణం

ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. వేటకి వెళ్లేవాడికి తెలిసే దారి కూడా లేదు. వల లాగుతుంటే నీళ్లు మీద పడుతూనే ఉంటాయి. ఒళ్లు వేడెక్కితే బకెట్టు ముంచి నెత్తిన కుమ్మరించుకుంటాం. ఆరాక చర్మం మీద ఉప్పు తెల్లగా తేలుతుంది. అది సముద్రం ఉప్పో ఒంటి ఉప్పో ఎవడు చూడొచ్చాడు? తడి ఒళ్లతో బతికేవాళ్లం కాబట్టి నా ఒళ్లు ఎండిపోయిన సంగతి నాకూ, నా పక్కన వల లాగే సూరిబాబుకీ కూడా తెలియలేదు.

కనిపెట్టింది దుర్గ. ఆ ఫాల్గుణంలో పెనుగొండలో చుట్టాల పెళ్లికి వెళ్లాం. పగటి ముహూర్తం, చిన్న హాలు, కిక్కిరిసిన జనం. మగాళ్లందరి చొక్కాలూ వీపులకి అతుక్కుపోయాయి. నా చొక్కా మాత్రం ఇస్త్రీ మడత చెదరకుండా ఉంది. సూరిబాబు ఊరుకుంటాడా? "మా బావని చూశారా, లోపల ఏసీ బిగించారు. కరెంటు బిల్లు మా చెల్లి కడుతోంది" అని నలుగురినీ నవ్వించాడు. నేనూ నవ్వాను. నిజానికి అప్పటికే ఒళ్లంతా సూదులు గుచ్చుతున్నట్టు ఉంది. తల దిమ్ముగా ఉంది. పెళ్లి భోజనం వదిలేసి బయట కొళాయి కింద తల పెట్టాక గానీ కుదుటపడలేదు.

తిరుగు బస్సులో దుర్గ నెమ్మదిగా అంది: "బావా, నీ తలగడ వాసన రావట్లేదు."

"వాసన రాకపోతే సంతోషించాలి గానీ..."

"నవ్వకు. ముందు రెండ్రోజులకే ఉతికేదాన్ని. ఇప్పుడు వారమైనా వాసన లేదు. నీకు చెమట పట్టట్లేదు బావా."

అప్పుడు ఆ మాటని నేను పట్టించుకోలేదు.

చైత్రం

ఉగాది వెళ్లాక ఒకరోజు నడి సముద్రంలో ఇంజను ఆగిపోయింది. సూరిబాబు బాగుచేస్తుంటే నేను ఎండలో నిలబడి వల సర్దుతున్నాను. మళ్లీ సూదులు మొదలయ్యాయి. ఈసారి ఛాతీ మీద, చేతుల మీద ఎర్రెర్రగా చిన్న చిన్న పొక్కులు లేచాయి. కళ్లు తిరిగి వల మీదే కూలబడ్డాను. సూరిబాబు నీళ్లు కుమ్మరించి, మీద టార్పాలిన్ కప్పి, ఎలాగో ఒడ్డుకి చేర్చాడు.

అమ్మ నన్ను చూసింది. ఒళ్లు కాలిపోతోంది. ఒంటి నిండా ఎర్రటి పొక్కులు. ఇక ఆవిడకి అనుమానం లేకపోయింది.

"ఆటలమ్మ తల్లి వచ్చిందిరా నాయనా. చిన్నప్పుడు నీకు పొయ్యలేదు, ఇప్పుడు వచ్చింది" అని చేతులు జోడించింది.

మా వైపు ఆటలమ్మ వచ్చిన ఇంట్లో ఏం చేస్తారో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. గుమ్మానికి వేపమండలు కడతారు. మనిషిని నీడలో, వేపాకుల పక్క మీద పడుకోబెడతారు. పొయ్యి మీద తాలింపు వెయ్యరు, చేపలు వండరు. మజ్జిగ, చద్దన్నం, కొబ్బరినీళ్లు ఇస్తారు. వేపమండతో విసురుతూ ఉంటారు. డాక్టరు దగ్గరికి మాత్రం తీసుకెళ్లరు, సూది వేయిస్తే తల్లికి కోపమొస్తుందని. అమ్మ అవన్నీ ఒక్కటి తప్పకుండా చేసింది. చెయ్యి నొప్పి పుట్టేదాకా నన్ను విసిరింది.

తగ్గిపోయింది. సాయంత్రానికే పొక్కులు మాయమయ్యాయి, ఒళ్లు చల్లబడింది. "తల్లి శాంతించింది" అంది అమ్మ, కళ్లనీళ్లు పెట్టుకుని. మూడో నాడు వేపాకు, పసుపు కలిపిన నీళ్లు పోసి లేపింది.

ఇప్పుడు ఆలోచిస్తే ఏడుపొస్తుంది. చెమట పట్టని మనిషికి చెయ్యాల్సినవన్నీ చేసింది మా అమ్మ. నీడలో పడుకోబెట్టింది, చల్లటివి తాగించింది, విసిరింది. అందుకే తగ్గింది. తగ్గింది కాబట్టే అది ఆటలమ్మేనని ఊరంతా ఖాయం చేసేసుకుంది. నేను మళ్లీ ఎండలోకి వెళ్లడం, మళ్లీ పొక్కులు లేవడం, మళ్లీ వేపాకులు, మళ్లీ తగ్గడం. ఆటలమ్మ ఇన్నిసార్లు వస్తుందా అని దుర్గ అడిగితే, మొక్కు బాకీ ఉందేమో, అందుకే తిరిగి తిరిగి వస్తోంది అన్నారు పెద్దవాళ్లు. అమ్మకి గుర్తొచ్చింది. నేను పుట్టినప్పుడు మా ఊరి అమ్మవారికి, నా బిడ్డ పెద్దవాడయ్యాక గరగ ఎత్తిస్తానని మొక్కుకుందట. మా ఊరి మొక్కులు సముద్రం మీద తిరిగేవాళ్లవి. వాటిని ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

వైశాఖం

చేపలు గుడ్లు పెట్టే రోజులని ప్రభుత్వం వేట ఆపే కాలం అది. బోట్లన్నీ ఒడ్డున ఉంటాయి, మగాళ్లందరూ ఊళ్లోనే ఉంటారు. అందుకే మా అమ్మవారి జాతర అప్పుడే చేస్తారు.

గరగ అంటే అమ్మవారి కలశం. ఇత్తడి బిందెకి అలంకారం చేసి, నెత్తిన పెట్టుకుని, డప్పుల మధ్య వీధి వీధీ తిరగాలి. పగలంతా ఉపవాసం. చెప్పులుండవు. ఒళ్లంతా పసుపు పూస్తారు. ప్రతి గుమ్మం ముందూ ఆడవాళ్లు బిందెలతో పసుపునీళ్లు తెచ్చి గరగ ఎత్తినవాడి కాళ్ల మీద పోస్తారు.

పొద్దున్న బయల్దేరేటప్పుడు దుర్గ అడ్డం నిలబడింది. "అత్తా, సాయంత్రం ఎత్తించు. ఎండలో వద్దు."

"అందరితో పాటు బయల్దేరాలే. తల్లికి మనకోసం వేరే వేళ ఉంటదా?" అంది అమ్మ. ఆవిడ ముఖంలో ఆ రోజు ఎంత వెలుగు ఉందో నేను మర్చిపోలేను. కొడుకు కష్టం ఆ పూటతో తీరిపోతుందని నమ్మింది.

మొదటి వీధిలో కాళ్ల మీద నీళ్లు పడుతుంటే బాగానే ఉంది. రెండో వీధి చివరికొచ్చేసరికి ఇసక కాలిపోతోంది. ఒళ్లంతా ఒకేసారి సూదులు లేచాయి. డప్పులు తల లోపల మోగుతున్నాయి. కాళ్లు నా మాట వినడం మానేశాయి. ఎటో తూలాను. గరగని ఎవరో అందుకున్నారు. నేను కిందపడి వణుకుతున్నాను.

"పూనకం! తల్లి వచ్చింది!" అని ఎవరో అరిచారు.

అంతే. డప్పులు ఇంకా గట్టిగా కొట్టారు. సాంబ్రాణి పొగ తెచ్చి ముఖం దగ్గర పెట్టారు. చుట్టూ జనం మూగారు, గాలి ఆగిపోయింది. నాకు అన్నీ వినిపిస్తున్నాయి, ఏదీ చెప్పలేకపోతున్నాను. చచ్చిపోతున్నానని తెలుస్తోంది. ఇంతమంది మధ్య, ఇంత భక్తితో చూస్తున్నవాళ్ల మధ్య చచ్చిపోతున్నాను. ఊరి పెద్దావిడ ఒకరు వంగి, వేపమండ పట్టుకుని, వినయంగా అడిగారు: "ఏం కావాలమ్మా నీకు? చెప్పు తల్లీ, ఏం కావాలి?"

ఉన్న ఓపికంతా కూడగట్టుకుని, "నీళ్లు" అన్నాను.

"తల్లి నీళ్లడుగుతోంది! నీళ్లు తెండర్రా!"

ఆ వీధిలో ప్రతి ఇంటి నుంచీ ఆడవాళ్లు బిందెలతో పరిగెత్తుకొచ్చారు. ఒకరి తర్వాత ఒకరు నా మీద పసుపునీళ్లు కుమ్మరించారు. కుండల్లో నీళ్లు, చెరువు నీళ్లు, తాగడానికి దాచుకున్న మంచినీళ్లు కూడా పోశారు. వణుకు ఆగింది. ఈలోగా దుర్గ జనాన్ని తోసుకుంటూ వచ్చి నా చంకలో చెయ్యి పెట్టి చూసి, "మనిషి మండిపోతున్నాడు, మీకు కళ్లు లేవా!" అని అరిచింది. సూరిబాబు ఆటో తెచ్చాడు.

నన్ను బతికించింది ఆ నీళ్లే అని తర్వాత డాక్టర్లు చెప్పారు. కాబట్టి తల్లే కాపాడిందని అమ్మ నమ్మింది. తల్లి పేరుతోనే చంపబోయారని దుర్గ అంది. నన్నడిగితే ఇద్దరి మాటా నిజమేనంటాను.

జ్యేష్ఠం

భీమవరం ఆసుపత్రిలో వడదెబ్బ అన్నారు. సెలైన్లు ఎక్కించారు, ఐసు పెట్టారు. మర్నాడు కుర్ర డాక్టరు ఇంటికి పంపిస్తానంటే దుర్గ వదల్లేదు. "వడదెబ్బ కాదండి. ఈయనకి చెమట పట్టదండి. నెలల తరబడి చూస్తున్నానండి" అంది. ఆయన విసుక్కుంటాడనుకున్నాను. విసుక్కోలేదు. కూర్చుని మొత్తం విన్నాడు. "ఇది నాకు తెలిసిన విషయం కాదమ్మా, తెలిసినవాళ్ల దగ్గరికి పంపుతాను" అని రాజమండ్రికి రాసిచ్చాడు. తెలియదని చెప్పిన ఆ డాక్టరుకి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను.

రాజమండ్రిలో చర్మవ్యాధుల డాక్టరు మేడమ్ దగ్గర, అమ్మతో కలిసి వెయిటింగ్ హాల్లో చాలాసేపు కూర్చున్నాం. కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగాయి. అందరూ కర్చీఫులతో ముఖాలు తుడుచుకోవడం మొదలుపెట్టారు. అమ్మ తన సంచిలోంచి తడిగుడ్డ తీసి నా మెడ చుట్టూ వేసింది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన, చేతిలో ఎక్స్‌రే కవరుతో లేచొచ్చి నన్ను విసరడం మొదలుపెట్టాడు. ఏమైందని అడగలేదు. కరెంటు వచ్చేదాకా విసిరి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పేరు నాకు తెలియదు.

పరీక్ష ఎలా చేశారో చెబుతాను, ఎవరికైనా చేయించుకోవాల్సి వస్తే భయపడకుండా ఉంటారు. నొప్పేమీ ఉండదు. ఒంటికి అయోడిన్ పూశారు. అది ఆరాక పైన గంజిపొడి లాంటిది చల్లారు. చెమట పట్టిన చోట ఆ పొడి నల్లగా మారుతుందట. తర్వాత వేడిగా ఉన్న గదిలో కూర్చోబెట్టారు, పక్కన నర్సుని ఉంచారు. పసుపు పూసుకుని గరగ ఎత్తినవాణ్ణి, ఇప్పుడు అయోడిన్ పూసుకుని కుర్చీ ఎక్కాను. అద్దం తలుపు అవతల అమ్మ నిలబడి చూస్తోంది. నా అరచేతులు కొంచెం నల్లబడ్డాయి, చంకల్లో కొంచెం. మిగతా ఒళ్లంతా అలాగే ఉండిపోయింది. ఒక్క చుక్క నలుపు కోసం నేను ఛాతీ వైపే చూస్తూ కూర్చున్నాను.

మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. ఒంట్లో చెమట గ్రంథులు ఉన్నాయి గానీ పని చెయ్యడం మానేశాయి. ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలియదు. చాలా అరుదు. లోపలి వేడి బయటికి పోయే దారి లేక ఒళ్లు కాగిపోతుంది. మందు ఉంది, కొందరికి పూర్తిగా పనిచేస్తుంది, కొందరికి కొంచెమే.

అమ్మ మెల్లిగా అడిగింది: "అయితే అది ఆటలమ్మ కాదాండీ?"

"కాదమ్మా."

"మరి వేపాకులేస్తే తగ్గేదండీ."

"నీడలో ఉంచి విసిరారు కదమ్మా, అందుకు తగ్గింది. మీరు చేసింది మంచిపనే. కాకపోతే మొదట్లోనే వచ్చి ఉంటే మందు బాగా పట్టేది."

మేడమ్ ఎంతో మర్యాదగా అన్నారు ఆ మాట. అమ్మకి మాత్రం ఆ చివరి ముక్కే వినిపించింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సు సిద్ధాంతం ఊరి దగ్గర వంతెన ఎక్కింది. అక్కడ గోదావరి కేసి చూస్తూ, "నేనే చేసుకున్నానేంట్రా ఇదంతా?" అంది.

"లేదమ్మా" అన్నాను. నిజంగానే నాకు ఆవిడ మీద కోపం లేదు. ఆ మాట ఆవిడ నమ్మేలా చెప్పడం నాకు చేతకాలేదు.

ఆషాఢం, శ్రావణం

మందు సెలైనులో కలిపి ఎక్కించేవారు, వరసగా మూడు రోజులు. నెలకోసారి వెళ్లి రావాలి. ఆ రోజుల్లో నిద్ర పట్టదు, ఆకలి చావదు, ముఖం ఉబ్బిపోతుంది. అద్దంలో చూసుకుంటే మా మేనమామలా కనిపించేవాణ్ణి. ఊరికే కోపమొచ్చేది, ఊరికే ఏడుపొచ్చేది. మందు వల్లేనని మేడమ్ ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. ఈ మందు తీసుకునేవాళ్ల ఇంట్లోవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, ఆ రోజుల్లో మీవాడు అన్న మాటలు మనసులో పెట్టుకోకండి.

వేట మళ్లీ మొదలైంది. బోటు నేను లేకుండా వెళ్లింది. నా చోట సూరిబాబు ఇంకొకరిని పెట్టుకున్నాడు. నేనే పెట్టుకోమన్నాను. అయినా ఆ పొద్దున్న ఇంజను చప్పుడు వినిపిస్తే లోపల తలుపేసుకుని, తడి లుంగీ కప్పుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఇంట్లో గొడవలూ అప్పుడే. దుర్గ పొద్దున్నే రేవుకెళ్లి చేపలు పట్టుకొచ్చి మొగల్తూరు వీధుల్లో అమ్మి వచ్చేది. ఒకరోజు అలిసిపోయి వచ్చి, అమ్మ దేవుడి దగ్గర దీపం పెడుతుంటే చూసి ఉండబట్టలేక అనేసింది: "నువ్వు ఆ గరగ ఎత్తించకపోయుంటే నా మొగుడు ఈపాటికి సముద్రం మీద ఉండేవాడు అత్తా."

అమ్మ దీపం పూర్తిగా వెలిగించి, అగ్గిపుల్ల ఆర్పి, బయటికెళ్లి కూర్చుంది. ఆ పూట అన్నం తినలేదు. దుర్గా తినలేదు. ఇద్దరూ మేనత్తా మేనకోడళ్లే, ఒకే రక్తం, ఒకే మొండితనం. మర్నాడు దుర్గ తట్ట ఎత్తుకోబోతుంటే అమ్మ వచ్చి కిందనుంచి చెయ్యి సాయం పట్టింది. దాంతో సరి.

ఆ రోజుల్లోనే అమ్మకి ఒక అలవాటైంది. మేడమ్ చెప్పినట్టు సాయంత్రం పూట నేను గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలి, నిద్రపోతున్న గ్రంథుల్ని లేపడానికి. అమ్మ పక్కన మంచం మీద కూర్చుని కాసేపటికి, "ఏదీ, తల వంచు" అనేది. చేపల పని చేసే మనిషి కాబట్టి ఆవిడ చేతులెప్పుడూ తడే. అందుకని కుడిచేతిని కొంగుకి రెండుసార్లు గట్టిగా తుడుచుకునేది. అది ఆరిందో లేదో బుగ్గకి ఆనించి చూసుకునేది. అప్పుడు నా నుదుటి మీద పెట్టి కణతల దాకా రాసి, అరచెయ్యి వెలుగులో పట్టి చూసేది.

"ఇవాళ రాలేదు. రేపు చూద్దాం" అనేది.

ప్రతి సాయంత్రం అదే మాట. గుడికి కూడా వెళ్తూనే ఉంది. ఒకసారి అడిగాను, అమ్మవారి మీద కోపం రాలేదా అని. "తల్లి మీద అలిగి ఎక్కడికెళ్తానురా" అంది.

కార్తీకం

మందు పూర్తయింది. మళ్లీ అయోడిన్, మళ్లీ గంజిపొడి. మెడ మీద కొంచెం నల్లబడింది, నడుము దగ్గర కొంచెం. మేడమ్ దాచలేదు. "సముద్రం మీద ఎండలో పని ఇక కుదరదు నాగరాజు గారూ. నీడలో, చల్లగా ఉండే పని ఏదైనా చూసుకోండి" అన్నారు.

తాత చేసిన పని, నాన్న చేసిన పని. ముప్పై ఏళ్లు దాటకుండానే నాకు అయిపోయింది. కాళ్లూ చేతులూ అన్నీ బాగున్నాయి, బస్తా ఎత్తగలను, ఈదగలను. ఎండలో గంట నిలబడలేను. ఊళ్లో అందరి కళ్లకీ ఆరోగ్యంగా కనబడుతూ పని చెయ్యలేకపోవడం ఎంత సిగ్గుగా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుస్తుంది. "దర్జాగా ఉన్నావు బావా" అని ఎగతాళి చేసే సూరిబాబు కూడా ఆ రోజుల్లో ఎగతాళి మానేశాడు. అది ఇంకా బాధగా ఉండేది.

చివరికి పని చూపించింది అతనే. నరసాపురంలో బోట్లకి ఐసు అమ్మే ఫ్యాక్టరీలో మాట్లాడాడు. ఐసు దిమ్మలు తీసి, మర మీద ముక్కలు చేసి, పెట్టెలకెక్కించడం. మిగతావాళ్లు చలికి వేళ్లు కొంకర్లు పోయి తిట్టుకునే చోట నేను బనీను మీద హాయిగా నిలబడేవాణ్ణి. "ఎండ పడనోడికి మంచు ఇల్లు దొరికింది" అనేవారు. సూరిబాబు మా బోటుకి ఐసు కోసం వస్తే అందరికన్నా ఒక పార ఎక్కువ వేసి పంపేవాణ్ణి. వాళ్లు వెళ్లిపోయాక ఆ పార పట్టుకుని మళ్లీ దిమ్మల దగ్గరికి వెళ్లేవాణ్ణి.

సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ మంచం దగ్గర తల వంచేవాణ్ణి. కొంగుకి రెండుసార్లు తుడుచుకోవడం, బుగ్గకి ఆనించడం. "చల్లగా ఉన్నావురా, ఐసు ముక్కలా" అని, "రేపు చూద్దాం" అనేది.

పుష్యం

అమ్మ ఒకరోజు చేపలు ఆరబెడుతూ పక్కకి ఒరిగిపోయింది. ఆసుపత్రికి చేర్చేలోపే మాట పోయింది. పక్షవాతమన్నారు. రెండు రోజులు అలాగే ఉంది. కుడిచెయ్యే పడిపోయింది. నేను మంచం పక్కన కూర్చుని ఆ చేతిని నా నుదుటికి ఆనించుకున్నాను. ఆవిడ కళ్లు నన్నే చూస్తున్నాయి. ఏం అడుగుతోందో నాకు తెలుసు. "రేపు చూద్దాం అమ్మా" అన్నాను నేను. ఆ రేపు రాకుండానే పోయింది.

తలకొరివి పెట్టాల్సింది నేను. మంట దగ్గర నిలబడలేడు, సూరిబాబుని పెట్టమందామని పెద్దలు మాట్లాడుకుంటున్నారు. నేను ఒప్పుకోలేదు. కొరివి పెట్టేవాడు తడిబట్టలతో ఉండాలి కదా, ఆ ఆచారమే నన్ను నిలబెట్టింది. సూరిబాబు వెనకే బిందెతో నడుస్తూ నా పంచె ఆరిపోకుండా నీళ్లు పోస్తూనే ఉన్నాడు. చితి అంటుకున్నాక సెగకి సూదులు మొదలయ్యాయి. ఈసారి నేను వెంటనే జరగలేదు. దుర్గ దూరం నుంచి "బావా, ఇక చాలు, రా" అని ఏడుస్తూ పిలిచాక వెనక్కి వచ్చాను.

మళ్లీ చైత్రం

పోయిన నెల సంగతి. ఫ్యాక్టరీలో మర ఆగిపోయింది, చల్లగది తలుపులు తీసి పెట్టారు, అందరం బయటికొచ్చి మరమ్మతు సామాను మోస్తున్నాం. నేను మోయకూడదు గానీ ఊరికే కూర్చోలేక ఒక చెయ్యి వేశాను. సూదులు మొదలవుతాయని చూస్తున్నాను. మొదలు కాలేదు. దానికి బదులు కనుబొమ్మ మీదుగా ఏదో పాకింది. ఈగ అనుకుని తోలాను. వేలు తడిసింది.

ఐసు నీళ్లేమో అనుకున్నాను. లోపలికెళ్లి తువ్వాలుతో ముఖమంతా పొడిగా తుడుచుకుని మళ్లీ బయటికొచ్చి నిలబడ్డాను. మళ్లీ వచ్చింది. నుదుటి మీద, కణతల మీద సన్నగా. నాలిక చాపి చూసుకున్నాను, ఉప్పగా ఉంది. పక్కనున్నవాళ్లు వీడికేమైందన్నట్టు చూస్తున్నారు.

మేస్త్రీకి చెప్పి బయల్దేరాను. బస్సులో తల కదపలేదు, తుడుచుకోలేదు, ఆరిపోతుందేమోనని కిటికీ పక్కన కూర్చోలేదు. బస్సు దిగి ఇంటిదాకా నడిచాను. నడుస్తుంటే ఇంకొంచెం పట్టింది. గుమ్మం దాటి, అలవాటు చొప్పున మంచం వైపు వెళ్లి తల వంచాను.

మంచం లేదు. అమ్మ పోయాక దాన్ని ఎత్తి గోడకి నిలబెట్టాం. నేను ఆ ఖాళీ చోట తల వంచుకుని అలాగే ఉండిపోయాను. ఇన్నాళ్లూ రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. ఒక్క మూడు నెలలు, అమ్మా. మూడు నెలలు ఆగలేకపోయావు.

మేడమ్ చెప్పారు, ఇది ముఖానికే ఆగిపోవచ్చు, ఒళ్లంతా రాకపోవచ్చు, సముద్రం మీద ఆశ పెట్టుకోవద్దు అని. పెట్టుకోలేదు. ఈ జబ్బు ఉన్నవాళ్లెవరైనా ఇది చదివితే, ఒళ్లు కాలిపోతూ చెమట పట్టకపోతే ఆలస్యం చెయ్యకండి. మీ ఇంట్లో వేపాకులు పరిచే అమ్మ ఉంటే ఆవిణ్ణి ఒక్క మాట కూడా అనకండి. విసరనివ్వండి, విసిరించుకుంటూనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఆ రోజు దుర్గ పెరట్లో చేపలు కడుగుతోంది. నా అలికిడి విని లోపలికొచ్చింది. తల వంచుకుని నిలబడ్డ నన్నూ, గోడకి నిలబెట్టిన మంచాన్నీ చూసింది. కుడిచేతిని కొంగుకి రెండుసార్లు గట్టిగా తుడుచుకుంది. బుగ్గకి ఆనించి ఆరిందో లేదో చూసుకుంది. నా నుదుటి మీద పెట్టి, కణతల దాకా రాసి, అరచెయ్యి వెలుగులో పట్టి చూసింది.

"వచ్చింది బావా" అంది.

మా అమ్మ అనాల్సిన మాట అది.